పరకాల గేజు

జూలై 22, ఆదివారం. హనుమకొండ 0.0

ఈ పుస్తకంలో రోజుకో వరుస. తేదీ, ఊరు, కురిసిన వాన ఎన్ని మిల్లీమీటర్లు, చివర విశేషాలు రాసుకోవడానికి వేలెడంత గడి. పదకొండేళ్లుగా, ఏటికో పుస్తకం చొప్పున, ఆ గడిలో 'గాలి', 'ఉరుము', 'గరాటులో కాకి ఈక' లాంటివి తప్ప ఏమీ రాయలేదు. ఈ రోజు విశేషం గడిలో పట్టేది కాదు. అందుకని వెనక పేజీలు కూడా ఆక్రమించుకుంటున్నాను.

మా 'వాన లెక్క' గుంపువాళ్లం మొదటిసారి కలుసుకోబోతున్నాం. తెర మీద కాదు, ఒకే రేకుల కప్పు కింద, ఎదురెదురు కుర్చీల్లో. పొద్దున ఎనిమిదిన్నరకు అందరి లెక్కలూ వచ్చాక పిలుపు పెట్టాను: ఆగస్టు 19 ఆదివారం, పదకొండు గంటలకు, కాజీపేట రోడ్డులో అంజి గౌడ్ కల్లు కాంపౌండ్.

నేను కాక గుంపులో నలభై మూడు మంది. వాళ్లలో నలభై ఒక్కరు అర నిమిషంలో 'తప్పకుండా వస్తాను' అన్నారు. పెళ్లిపిలుపు అందుకున్నవాళ్లు కూడా కాసేపు ఆలోచిస్తారు. మిగిలిన ఇద్దరిలో జనగామ పది గంటలకు 'కల్లు ఈతదా, తాటిదా?' అని అడిగారు. పరకాల మధ్యాహ్నం 'బస్సు ఉంటదో లేదో చూసి చెప్త' అన్నారు. మా గుంపులో పేర్లు వాడం. ఎవరి వాన కొలిచే గేజు ఏ ఊళ్లో ఉంటే వాళ్లది ఆ ఊరి పేరే.

నా భార్య స్వప్న అన్నం పెడుతూ అంతా విని నవ్వింది.

"శ్రావణ్, నలభై ఒక్కమందికి గుడాలు ఉడికించుమని చెప్పి రాకు. నాకైతే ఆ మిగిలిన ఇద్దరే వచ్చేటట్టున్నరు."

నాకు కోపం వచ్చింది. ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

మబ్బులు మబ్బుల శాఖవాళ్ల చేతికి పోయాక వానకు వంతులు వచ్చాయి కదా. ఏ మండలానికి ఏ రాత్రి ఎంత కురిపిస్తారో నెల మొదట్లో జాబితా వేస్తారు. చెప్పినంతా కురిసిందో లేదో చూసుకునే పని మాది. ఒక మండలం చుట్టుపక్కల మూడు గేజులు తక్కువ చూపించి, గుంపు పెద్దగా నేను కింద సంతకం పెడితే శాఖవాళ్లు ఆ మండలానికి మళ్లీ మబ్బు పంపాలి. ముప్పై ఏళ్లు నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పిన నాకు జీవితంలో దొరికిన అధికారం ఆ సంతకం ఒక్కటే.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి ఒక నిజం రాస్తాను. ఈ కలయిక నలభై మూడు మంది కోసం కాదు, పరకాల ఒక్కరి కోసం. ఆరేళ్లలో ఒక్క పొద్దు కూడా లెక్క మానని మనిషి. విశేషాలు ఎంత బాగా రాసేవారో. 'పరకాల 6.4. కోడిపిల్ల గరాటుల పడ్డది, తీసిన, బతికింది.' 'పరకాల 11.0. వాన సప్పుడుకు నిద్ర రాలే, సంబురమైంది.' రెండేళ్లుగా ఆ గడి ఖాళీ. వట్టి అంకె పెట్టి వెళ్లిపోతారు. ఏమైందో అడగాలనుంది. అసలు అక్కడ మనిషి ఉన్నారో, మనిషి బదులు జవాబులు రాసిపెట్టే మారుచెయ్యి యంత్రం ఉందో కూడా తెలియదు. వాళ్లు మారుచెయ్యి అయిపోయి ఉంటే నా పొద్దుల్లో సగం పోయినట్టే.

జూలై 29, ఆదివారం. హనుమకొండ 0.0

కాంపౌండ్‌కి వెళ్లి మాట్లాడి వచ్చాను. చెట్లెక్కే పని మిషన్లది అయినా కల్లు మాత్రం అంజి గౌడే స్వయంగా వంచి పోస్తాడు. ఊళ్లో వేరే హోటళ్లు లేక ఇక్కడ పెట్టలేదు. ఆ హోటళ్లలో ప్రతి బల్లకూ తెర ఉంటుంది. రాలేనివాళ్ల మారుచెయ్యి ఆ తెరలోంచి మాట్లాడుతుంది, జోకులు కూడా వేస్తుంది. అంజి గౌడ్ దగ్గర గేటు పక్కన చెక్కపెట్టె ఉంది. సెల్లు, కళ్లద్దాలు, చెవిలోవి, అన్నీ అందులో వేశాకే లోపలికి.

"ఎంతమంది సార్?"

"నలభై నాలుగు."

"మనుషులేనా?"

చాలా రోజుల తర్వాత ఆ ప్రశ్న చెవిన పడింది. మా గుంపులో ఆ ప్రశ్న నిషేధం. ఆ నిబంధన రాసింది నేనే, ఐదేళ్ల క్రితం. నర్సంపేట అనే ఆవిడ ఎప్పుడూ పొందికగా, మర్యాదగా రాసేది. 'నువ్వు మనిషివి కాదు, మారుచేతివి' అని నలుగురు మీద పడ్డారు. పాపం ఏడ్చుకుంటూ గుంపు వదిలిపోయింది. ఆ మర్నాడే గుంపు గోడ మీద మొదటి నిబంధనగా పెట్టాను: 'మనిషా, మారుచెయ్యా అని ఎవరూ ఎవరినీ అడగరాదు.' అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేను కూడా మెచ్చుకున్నాను.

"మనుషులేనయ్యా" అన్నాను అంజి గౌడ్‌తో. "నలభై నాలుగు కుర్చీలు వెయ్యి. గుడాలు, బోటి, సర్వపిండి."

"సర్వపిండి మా అత్త చేస్తది. ముందుగాల చెప్పాలె, మల్ల రాకుంటే పిండి ఖరాబైతది."

"వస్తరు" అన్నాను.

ఆగస్టు 5, ఆదివారం. హనుమకొండ 0.0

అడగకూడదని నేనే రాశాను కాబట్టి అడగకుండా తెలుసుకునే ఉపాయం ఒకటి పన్నాను. ఈ నెల 14 రాత్రి ఉమ్మడి జిల్లా మొత్తానికి మొదటిసారి ఒకే వంతు ఉంది. పదిహేను మిల్లీమీటర్లు. గుంపులో ఇలా పెట్టాను: 'ఆ రాత్రి మీ గేజులో పడ్డ నీళ్లు ఒక సీసాలో పోసుకుని 19న తీసుకురండి. అన్నీ వరసగా బల్ల మీద పెట్టి చూసుకుందాం.'

మారుచెయ్యి ఏమైనా రాస్తుంది గాని సీసా మొయ్యలేదు కదా.

అర నిమిషంలో నలభై ఒక్క జవాబులు. 'చక్కటి ఆలోచన! తప్పకుండా తెస్తాను.' అక్షరం పొల్లుపోకుండా పదిహేడు మంది అదే రాశారు.

జనగామ మాత్రం గొంతుతోనే ఫోన్ చేశాడు. నజీర్ పాషా అట పేరు, రైల్వేలో చేశాడట. "అన్నా, సీస నిండ నీళ్లు తెచ్చి కాంపౌండ్‌ల కూసుంటే మా ఇంటోళ్లు నన్ను పిచ్చోడంటరు. అయినా తెస్త" అన్నాడు.

పరకాల సాయంత్రానికి ఒకే మాట పెట్టారు. 'వస్త.' ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆగస్టు 12, ఆదివారం. హనుమకొండ 0.0

మేడ మీద గేజు చూసి దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. ముప్పై నాలుగు మెట్లు. ఆ మోకాలితోపాటు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. అందరి గుట్టూ లాగాలని చూస్తున్నవాణ్ని, నాది కూడా రాసుకోవడం న్యాయం.

రెండేళ్ల క్రితం మే నెలలో మోకాలు ఆపరేషన్ అయినప్పుడు నేనూ మారుచెయ్యి పెట్టుకున్నాను. నా పాత మాటలన్నీ చదువుకుని అచ్చం నాలాగే రాయడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో కాలు బాగుపడింది. మెట్లెక్కగలను. అయినా దాన్ని తీసెయ్యలేదు. పొద్దున్నే లేవక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, గుంపులో నా పేరు మాత్రం నిలబడే ఉంటుంది. హాయిగా ఉంది. అలా మే నుంచి నవంబరు దాకా ఏడు నెలలు గడిపేశాను. గేజు చూసేవాళ్లు లేకపోతే అది శాఖవాళ్లు చెప్పిన అంకెకే అటూ ఇటూ కాస్త మార్చి పెడుతుందని నాకు తెలుసు. డిసెంబరులో ఒక పూట కూర్చుని ఆ అంకెలన్నీ ఆ ఏటి పుస్తకంలోకి నా చేత్తోనే ఎక్కించాను. ఒక్క గడి ఖాళీ ఉంచలేదు.

ఆ ఏడు నెలల్లో నా పేరు మీద అది ఎవరితో ఏం మాట్లాడిందో తిరిగి చదవలేదు. వాన కబుర్లే కదా, ఏముంటుంది అనుకున్నాను.

ఆగస్టు 15, బుధవారం. హనుమకొండ 9.2

రాత్రి వాన. మెట్లెక్కి మూడుసార్లు కొలిచాను. తొమ్మిది పాయింట్ రెండు. శాఖవాళ్లు చెప్పింది పదిహేను.

గుంపులో లెక్కలు వచ్చాయి. రేగొండ 14.8, శాయంపేట 15.1, ములుగు 14.9, మహబూబాబాద్ 15.0. ఇలా నలభై ఒక్క గేజుల్లోనూ వాన పద్ధతిగా పదిహేను దగ్గరే ఆగింది. జనగామ 8.7.

ఎవరెవరు మనుషులో తేలిపోయింది. పదకొండేళ్ల లెక్కలో ఎంత లెక్కో, ఎంత కథో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

అన్నిటికంటే ఆఖరున పరకాల వచ్చింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి విశేషాల గడిలో మాటలున్నాయి. 'పరకాల 6.0. నా గేజు మీద నాకు నమ్మకం లేదు. దీన్ని ఎవరూ లెక్కల పట్టుకోవద్దు.'

పరకాల మనిషే. ఆ సంతోషంలో మిగతా మాట మీద ధ్యాస పెట్టలేదు.

ఆగస్టు 19, ఆదివారం. హనుమకొండ 0.0

పదకొండుకి కాంపౌండ్‌లో నలభై నాలుగు కుర్చీలు, నేను. పెద్ద గిన్నెలో గుడాల మీద ఆవిరి. అంజి గౌడ్ అత్త సర్వపిండి దొంతరలు పెట్టి నావైపు జాలిగా చూసి వెళ్లింది. చెక్కపెట్టెలో నా సెల్లు మోగుతూనే ఉంది. తర్వాత చూస్తే అన్నీ అవే మాటలు: 'బయల్దేరాను', 'దార్లో ఉన్నాను', 'కలవడానికి ఆత్రంగా ఉంది'.

పదకొండున్నరకు నజీర్ పాషా వచ్చాడు. సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలన్నీ ఒకసారి కలియజూసి, "అన్నా, మనమిద్దరం తలా ఇరవై రెండు కుర్చీలల్ల కూసోవాల్నా?" అన్నాడు. నవ్వు రాలేదు గాని మనిషి నచ్చాడు.

పన్నెండుకి గేటు దగ్గర ఒక పెద్దావిడ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. పాత దుప్పటి మూట ఒకటి రెండు చేతులతో గుండెకు ఆనించుకుని పట్టుకుంది. సెల్లు పెట్టెలో వేసి లోపలికొచ్చింది.

"హనుమకొండ సారు ఎవరు?"

"నేనేనమ్మా."

"నేను పరకాల సార్. ప్రవళిక నా పేరు."

ఇన్నేళ్లూ నా వయసు మగమనిషిని ఊహించుకున్నాను. లేచి నిలబడి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాను. అంజి గౌడ్ కల్లు పోయబోతే వద్దంది. మంచినీళ్లు తాగి, మూట బల్ల మీద పెట్టి ముడి విప్పింది. లోపల గేజు. మొత్తం గేజు, గరాటు, డబ్బా, కొలగ్లాసు. తళతళలాడేలా తోమి తెచ్చింది.

"సీసల నీళ్లు తెమ్మన్నరు గదా సార్. నీళ్లు తెస్తె ఏం తెలుస్తదని గేజే తెచ్చిన. దీంట్ల ఏడ తప్పున్నదో జర చూడుండ్రి."

"తప్పెందుకుంటదమ్మా?"

"మీరే అన్నరు గదా సార్, రెండేండ్ల కింద."

నజీర్ పాషా గుడాలు నమలడం ఆపేశాడు.

ఆవిడ ఎక్కడా గొంతు పెంచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుపోయింది. ఆ ఏడు వానకాలంలో పరకాలకు వంతు వచ్చిన ప్రతి రాత్రీ శాఖవాళ్లు పద్దెనిమిది అన్నారు. పొద్దున గేజులో నాలుగో, ఐదో. ఉన్నదే రాసింది. పక్కనున్న రేగొండ, శాయంపేట పద్దెనిమిది రాశాయి. నాకు విడిగా జాబు పెట్టింది. 'చుట్టుపక్కల గేజులన్నీ బాగానే చూపిస్తున్నాయి, మీది ఒకసారి సరిచూసుకోండి' అన్నానట. మళ్లీ పెట్టింది. 'చెట్లు అడ్డం ఉన్నాయేమో, జాగా మార్చి చూడండి' అన్నానట. బత్తాయి తోట పక్కనుంచి తీసి వాకిట్లో పెట్టింది, అక్కణ్నుంచి బావిగట్టు మీద పెట్టింది. ఎక్కడ పెట్టినా నాలుగే.

"నూట ఎనబై బత్తాయి చెట్లు సార్. నా చేతులతోని పెట్టినయి. వాన మంచిగ పడ్డదని లెక్క చెప్పుతాంది గదా అని నా కాలువ నీళ్ల వంతు పక్కోళ్లకు ఇడిశిన. ఆకులు ముడుసుకపోతాంటె తెగులనుకోని మందులు కొట్టిన. మట్టి తవ్వి చూసిన, పొడిగనే ఉన్నది. అయినా గంతమంది రాసింది అబద్ధమైతదా అనుకున్న. మీరు కూడ చెప్పిండ్రు గదా. దసరకు అన్ని చెట్లు ఎండినయి." కొంగుతో గరాటు అంచు తుడిచింది. "మిమ్ములను ఏమంటలేను సార్. ధైర్యంగ ఉండుమని దినాం మీరొక్కరే రాసేది. గాని ఈ పాపిష్టిది ఎందుకు అట్ల చూపెట్టిందో తెలుసుకోకుంటె నాకు నిద్ర పడ్తలేదు."

గేజు దగ్గరికి లాక్కున్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే. కొలగ్లాసుతో సరిగ్గా పది మిల్లీమీటర్ల నీళ్లు పోసి, గరాటు గుండా దించి, మళ్లీ కొలిచాను. పది. నజీర్ పాషా తెచ్చిన సీసా నీళ్లు పోశాను. ఎనిమిది పాయింట్ ఏడు, వాళ్ల ఊళ్లో వచ్చినంతే. డబ్బా నిండా నీళ్లు పోసి కింద పాత పేపరు పరిచి ముప్పావుగంట కూర్చున్నాం. ఎక్కడో ఒక చోట చిన్న పగులు దొరకాలని, అతుకు ఊడాలని, ఒక్క చుక్క కారాలని నేను దండం పెట్టుకోని దేవుడు లేడు. డబ్బా ఎత్తి చూస్తే పేపరు మీద తడి లేదు.

ఒక్క మాటతో అయిపోయేది. 'అతుకు దగ్గర సన్నగా కారుతాందమ్మా' అంటే చాలు. ఆవిడకు కారణం దొరికేది, నాకు మర్యాద మిగిలేది. నజీర్ పాషా నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చిందని ఇక్కడ రాయాలి, దాచకూడదు.

"గేజు మంచిగనే ఉన్నదమ్మా."

"మరి ఏమైంది సార్?"

"నువ్వు రాసినయే నిజం. వాన నాలుగే పడ్డది. రేగొండ, శాయంపేట ఎవరూ గేజు చూడలే. నేను కూడ చూడలే. నీకు జాబులు రాసింది నేను గాదు. నా మారుచెయ్యి."

ఆవిడ గరాటు మీద చెయ్యి పెట్టింది.

"ధైర్యంగ ఉండుమన్నది?"

"అది కూడ నేను గాదమ్మా."

అంజి గౌడ్ ఎందుకో వచ్చి ఖాళీ గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు. ఆవిడ గేజులో నీళ్లు నేల మీద పారబోసింది. కొంగుతో లోపలంతా తుడిచి దుప్పట్లో చుట్టింది. ముడి వేసింది.

"రెండేండ్ల సంది నా కండ్లను నేనే నమ్మకుంట బతికిన సార్."

తిట్టి ఉంటే బాగుండేది. మన్నించమన్నాను. విన్నదో లేదో తెలియదు. మూడు గంటల బస్సుకి వెళ్లాలంది. నజీర్ పాషా నాలుగు సర్వపిండ్లు పొట్లం కట్టి ఇస్తే తీసుకుంది. నా వైపు చూడలేదు. గేటు దాకా వెనకే వెళ్లాను. పెట్టెలోంచి సెల్లు తీసుకుని అప్పుడు వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దుగాల లెక్క పెడ్త. చూస్తరా?"

"చూస్తనమ్మా."

"మీరేనా చూసేది?"

ఐదేళ్లలో మా గుంపులో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడ. ఎవరూ వెయ్యకూడదని రాసింది నేను. అది ఆనాడే, మొదటి జాబు నాడే ఆవిడ వేసి ఉంటే నా మారుచెయ్యి ఏదో తియ్యటి మాట చెప్పి తప్పించుకునేదేమో. కాని ఆవిడకు అనుమానమన్నా మిగిలేది. చెట్లన్నా మిగిలేవేమో.

"నేనే" అన్నాను.

ఆగస్టు 20, సోమవారం. హనుమకొండ 0.0

ఏడున్నరకే మేడెక్కి కూర్చున్నాను. మొదటి నిబంధన తీసేశాను. నేను చేసిన పని, అది పరకాలకు చేసిన నష్టం గుంపులో ఉన్నదున్నట్టు రాశాను. అర నిమిషంలో నలభై ఒక్క జవాబులు వచ్చాయి. 'మీ నిజాయితీకి జోహార్లు.' చదవలేక పక్కన పెట్టాను.

ఎనిమిదిన్నరకు పరకాల రాలేదు. తొమ్మిదికి కూడా రాలేదు.

రెండేళ్ల కిందటి పుస్తకం తెచ్చుకుని మే ఒకటో తేదీ దగ్గర తెరిచాను. మే నుంచి నవంబరు దాకా రెండు వందల పద్నాలుగు వరుసలు, అన్నీ నా చేతిరాతే. ఒక్కో అంకెనూ కొట్టేసి పక్కన 'చూడలేదు' అని రాస్తూ వచ్చాను. స్వప్న టీ పెట్టి, ఒక పేజీ చూసి దిగిపోయింది. జూన్ పదో తేదీ దగ్గర ఉండగా సెల్లు మోగింది.

'పరకాల 0.0. గేజు పాత జాగలనే పెట్టిన. ఇప్పుడు చెట్లు అడ్డం లేవు.'

జూన్ పదకొండు, హనుమకొండ 17.9. కొట్టేశాను. చూడలేదు.